అందరి ముందూ అన్న మాట

ప్రశ్న: కర్నూలు జిల్లా ఆదోని దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు ఈ మధ్యే హెచ్‌ఎంగా (ప్రధానోపాధ్యాయురాలిగా) వచ్చాను. 340 మంది పిల్లలు, 13 మంది టీచర్లం. మా ఊళ్ల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్తాయి. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు అలా రెండు నెలలు వెళ్లి తిరిగొచ్చాడు. వచ్చిన మొదటి రోజే ప్రార్థన దగ్గర మా సోషల్ మాస్టారు వాణ్ని అందరి ముందూ "వచ్చావా దొరా, మా పాస్ పర్సంటేజీ ముంచడానికి!" అన్నారట. మర్నాటి నుంచి వాడు రాలేదు. ఆదోనిలో బైకుల మెకానిక్ షెడ్డులో చేరాడని తెలిసింది. నేను ఊరుకోలేదు. విషయం తెలిసిన సాయంత్రమే స్టాఫ్ మీటింగు పెట్టి, మాస్టారిని అందరి ముందూ గట్టిగా నిలదీశాను. అప్పటి నుంచి ఆయన నాతో ముక్తసరిగా ఉంటున్నారు, మిగతావాళ్లూ దూరం దూరంగా తిరుగుతున్నారు. మా బడి పిల్లలకు ధైర్యమిచ్చే చోటుగా ఉండాలని నా కోరిక. వారానికో వెల్‌నెస్ పీరియడ్, ఒక ఫిర్యాదుల పెట్టె, కర్నూలు నుంచి సైకాలజిస్టును పిలిపించి ఒక రోజు కార్యక్రమం అనుకుంటున్నాను. టీచర్లేమో "సిలబస్‌కే టైము లేదు, యాప్‌లు నింపడంతోనే సరిపోతోంది, మళ్లీ ఇదొకటా?" అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో "అందరి ముందూ" అన్న మాట రెండుసార్లు వచ్చింది. ఒకసారి పిల్లవాడి విషయంలో, ఒకసారి మాస్టారి విషయంలో. మీరు గమనించే రాశారో లేదో గానీ, చదువుతూ నేను అక్కడే ఆగిపోయాను.

మీ కోపం న్యాయమైనదే. ఆ మాట ఏ పిల్లవాడూ పడకూడదు. కానీ ఆ సాయంత్రం స్టాఫ్‌రూమ్‌లో కూర్చున్న పన్నెండు మందీ ఏం నేర్చుకుని ఉంటారో ఒకసారి ఆలోచించండి. "పిల్లల్ని అవమానించకూడదు" అని నేర్చుకున్నారా? "ఈ బడిలో తప్పు దొరికితే నలుగురిలో నిలబెడతారు" అని నేర్చుకున్నారా? నాకు తెలిసినంతలో రెండోదే. ఆ భయంతో క్లాసుకు వెళ్లిన టీచరు పిల్లలతో మెత్తగా ఉండలేరు. ఉండాలని ఉన్నా ఉండలేరు. స్టాఫ్‌రూమ్‌లో పడ్డ మాట గంటలోపు ఏదో ఒక క్లాసులో ఏదో ఒక పిల్లవాడి మీద పడుతుంది. ముప్పై ఒక్క ఏళ్లు లెక్కల టీచరుగా పనిచేశాను. ఇది మళ్లీ మళ్లీ చూశాను, కొన్నిసార్లు నేనే చేశాను.

అందుకే మీ ప్రశ్నకు నా జవాబు ఇది. వెల్‌నెస్ పీరియడ్‌తో కాదు, పెట్టెతో కాదు, ఆ మాస్టారితో మొదలుపెట్టండి. ఆయన్ను ఆఫీసు గదికి పిలిపించకండి. ఖాళీ పీరియడ్ చూసుకుని మీరే ఆయన కూర్చున్న చోటికి వెళ్లండి. "మాస్టారూ, మీరు ఆ పిల్లవాణ్ని అన్న మాట తప్పు, ఆ విషయంలో నా అభిప్రాయం మారలేదు. కానీ మిమ్మల్ని పన్నెండు మందిలో నిలదీయడం నా తప్పు. మీతో విడిగా మాట్లాడి ఉండాల్సింది" అని చెప్పండి. రెండు మాటలూ చెప్పాలి. మొదటిది వదిలేస్తే లొంగిపోయినట్టు ఉంటుంది, రెండోది వదిలేస్తే మళ్లీ తిట్టినట్టు ఉంటుంది. తర్వాత మీరు మాట్లాడకండి, ఆయన్ను చెప్పనివ్వండి. పదో తరగతి ఫలితాల గురించి పైనుంచి ఎంత ఒత్తిడి ఉంది, పర్సంటేజీ తగ్గితే ఎవరిని ఏమంటారు, ఇంట్లో ఏం ఇబ్బంది ఉంది, ఏదో ఒకటి బయటికి వస్తుంది. పిల్లవాణ్ని చూడగానే ఆయనకు పర్సంటేజీ గుర్తొచ్చిందంటే ఆ లెక్క ఆయన తలలో ఎవరో పెట్టారు. అందులో మన శాఖ వాటా ఉంది, హెచ్‌ఎంల వాటా కూడా ఉంది.

నా సంగతి ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పరీక్ష పేపర్లు ఇచ్చేటప్పుడు మార్కులు పైకి చదివి ఇచ్చేదాన్ని. ఎక్కువ వచ్చినవాళ్లతో మొదలుపెట్టి తక్కువ వచ్చినవాళ్ల దాకా. అలా చదివితే పట్టుదల పెరుగుతుందని నిజంగా నమ్మాను. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయికి ఎప్పుడూ చివరి పేపరే. ఏడాది చివర హాజరు శాతాలు వేస్తూ రిజిస్టరు చూస్తే, ఆ పిల్ల సెలవులన్నీ నేను పేపర్లిచ్చిన రోజులే. ఒక్కటి కూడా తప్పలేదు. ఏడాదంతా రిజిస్టరు నా చేతిలోనే ఉంది, నేనే 'గై' అని రాశాను, అయినా నాకు కనబడలేదు. ఆ తర్వాతి ఏడాది నుంచి ఒక్కొక్కరినీ బల్ల దగ్గరికి పిలిచి, పేపరు మడిచి చేతికిచ్చి, ఏ లెక్కలో ఎక్కడ తప్పిందో చిన్నగా చెప్పి పంపేదాన్ని. దానికి అదనంగా పట్టింది ఒక్క పీరియడ్. ఆ పిల్ల మాత్రం తొమ్మిదో తరగతికి రాలేదు.

కాబట్టి బడి మొత్తానికి మీరు ఒక్క నియమం పెట్టగలిగితే ఇది పెట్టండి: ఎవరి తప్పునీ నలుగురిలో ఎత్తి చూపకూడదు. పిల్లలకైనా, టీచర్లకైనా, వంటామెకైనా, ఆయాకైనా. వినడానికి చిన్న నియమమే. అమలు చేయబోతే బడిలో ఎన్ని పనులు ఈ అవమానం మీదే నడుస్తున్నాయో తెలుస్తుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లను గేటు దగ్గర వరసలో నిలబెట్టడం. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఎఫ్‌ఏ పరీక్షల మార్కుల పట్టిక పెట్టడం. మార్కులు చూసి సెక్షన్లు విడగొట్టి, ఒకదాన్ని "డల్ బ్యాచ్" అని పిల్లల చెవిన పడేలా అనడం. బూట్లు వేసుకురానివాళ్లను ప్రార్థనలో ముందుకు పిలవడం. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ కొట్టడాన్ని మాత్రమే నిషేధించలేదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఈ మాట స్టాఫ్‌కు తప్పకుండా చెప్పండి, కానీ బెదిరింపుగా కాదు. చట్టానికి భయపడి నోరు కట్టుకున్న టీచరు పిల్లవాణ్ని తిట్టడు, పలకరించడు కూడా. మనకు పలకరింపు కావాలి.

"టైము లేదు" అంటున్న టీచర్ల మాట కొట్టిపారేయకండి. వాళ్లు నిజమే చెబుతున్నారు. హాజరు యాప్, భోజనం యాప్, మరుగుదొడ్ల ఫొటోలు, రోజుకో కొత్త గూగుల్ ఫారం. వీటి మీద మీరు ఇంకో పీరియడ్ పెడితే అది కూడా ఫొటో తీసి పంపే పని అయిపోతుంది. అందుకే కొత్తగా ఏమీ కలపకండి, ఉన్నవాటినే మార్చండి. వీలైతే ఒక భారం తీసేయండి. యాప్‌ల పని 13 మందీ కుస్తీ పట్టకుండా, ఫోను బాగా వాడగల ఇద్దరికి అప్పగించి, వాళ్ల పీరియడ్లు కొన్ని మీరు తీసుకోండి. హెచ్‌ఎం క్లాసుకు వెళ్లి పాఠం చెబితే టీచర్ల మనసు ఎంత మారుతుందో మీరే చూస్తారు. ఇంకో మాట, ఆటల పీరియడ్‌ను లెక్కలకో సైన్సుకో ఇచ్చేయకండి. లెక్కల టీచరుగా నేను ఎన్నోసార్లు అడిగి తీసుకున్నాను. ఇప్పుడైతే తీసుకోను.

లండన్‌లో 1969లో మార్జొరీ బాక్సాల్ అనే విద్యా మనస్తత్వవేత్త ఒక పని మొదలుపెట్టారు. క్లాసులో ఇమడలేని చిన్నపిల్లల్ని పది పన్నెండు మందిని ఒక గదిలో చేర్చి, ఇద్దరు పెద్దవాళ్లను వాళ్లకు తోడుగా పెట్టారు. ఆ గది సగం క్లాసులా, సగం ఇల్లులా ఉండేది. పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చుని తినడం అందులో ముఖ్యమైన భాగం. అక్కడి బడుల్లో ఇప్పటికీ ఆ పద్ధతి నడుస్తోంది. అయితే ఆ గదిలో కుదుటపడిన పిల్లవాడు తిరిగి వెళ్లేది మామూలు క్లాసుకే గదా. అక్కడ మళ్లీ అవే అరుపులైతే ఏం లాభం? అందుకే తర్వాత తర్వాత ఆ ఆలోచనను గది దాటించి బడి మొత్తానికి వర్తింపజేయడం మొదలుపెట్టారు. పిల్లవాడి ప్రవర్తన ఏదైనా అది ఒక కబురే అన్నది వాళ్ల సూత్రాల్లో ఒకటి. మీ పిల్లవాడు మర్నాడు రాకపోవడమూ కబురే.

మనకు విడిగా గది అక్కర్లేదు, మధ్యాహ్న భోజనం ఉంది. ఈ పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరుంది. లంకల గన్నవరంలో ఆమె ఆకలితో వచ్చినవాళ్లను ఏ వేళలోనూ కాదనకుండా, కనిపెట్టుకుని అన్నం పెట్టిన మనిషి. ఆ పేరున్న భోజనం దగ్గర మన బడుల్లో జరిగేదేమిటి? పిల్లలు పళ్లేలతో వరసలో నిలబడతారు, ఒక టీచరు కర్ర పట్టుకుని అదిలిస్తుంటారు, మిగతావాళ్లు స్టాఫ్‌రూమ్‌లో క్యారియర్లు విప్పుకుంటారు. రోజుకు ఇద్దరు టీచర్ల చొప్పున పిల్లల మధ్యే కూర్చుని తినేలా వంతులు వేయండి. మీ వంతు అందరికన్నా ముందు వేయండి. అక్కడ చదువు గురించి అడగకూడదు. "ఇంట్లో బర్రె ఈనిందా?", "మీ అక్క పెళ్లి ఎప్పుడు?" ఇలాంటివి చాలు. రెండు వారాలు గడిస్తే ఎవరు ఒంటరిగా కూర్చుంటున్నారో, ఎవరు గుడ్డు దాచి ఇంటికి తీసుకెళ్తున్నారో టీచర్లకు తెలుస్తుంది.

వంట చేసే ఆడవాళ్లకైతే ఇప్పటికే తెలుసు. ఎవరు రెండోసారి అడుగుతున్నారో, ఎవరు నిన్నటి నుంచి ముట్టడం లేదో వాళ్లను మించి తెలిసినవాళ్లు ఉండరు. ఏ అమ్మాయి మరుగుదొడ్డి దగ్గర ఏడుస్తోందో ఆయాకు తెలుసు. మనం వాళ్లను ఎన్నడైనా అడిగామా? నెలకు ఒకసారి జరిగే స్టాఫ్ మీటింగులో మొదటి పది నిమిషాలు వంటామెనూ ఆయానూ కూర్చోబెట్టండి. కుర్చీ వేసి కూర్చోబెట్టండి, గుమ్మం దగ్గర నిలబెట్టి కాదు. "ఏ పిల్ల గురించైనా మీకు బెంగగా ఉందా?" అని అడగండి. మొదటిసారి ఏమీ చెప్పరు. మూడోసారికి చెబుతారు. చెప్పిన పేరు ఆ గది దాటకూడదని అందరికీ గట్టిగా చెప్పండి.

ఇక వలస. మీ ప్రాంతంలో ఇదే అసలు విషయం, దీని మీద ఎక్కువ శ్రద్ధ పెట్టమంటాను. పిల్లలు కోతలకు వెళ్లడం ఏటా జరిగేదే అయినా, ఏటా అది హఠాత్తుగా జరిగినట్టే బడి ప్రవర్తిస్తుంది. వాళ్లు వెళ్లాక పేరు పక్కన గైర్హాజరు పడుతూ పోతుంది, వచ్చాక "ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చావు?" అని మొదలవుతుంది. పిల్లవాడు అక్కడ ఎండలో కాయలు కోసి, మంటలెత్తే చేతులతో నిద్రపోయి, అమ్మానాన్నల అప్పులో తన వంతు తీర్చి వస్తాడు. రాగానే వాణ్ని దోషిని చేస్తాం. తిరిగి రావడమే వాడు చేసిన గొప్ప పని అని మనకు తట్టదు.

కుటుంబాలు బండి ఎక్కకముందే ఎవరెవరు వెళ్లబోతున్నారో క్లాస్ టీచర్లు కనుక్కోవాలి. పిల్లలకే బాగా తెలుస్తుంది, వాళ్లనే అడగొచ్చు. అవ్వతోనో మేనత్తతోనో ఉండగలిగే పిల్లలుంటే ఆ ఇంటివాళ్లతో మాట్లాడండి. వలస కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష పథకం కింద సీజనల్ హాస్టళ్లు పెట్టే ఏర్పాటు ఉంది. అవసరమైన పిల్లల జాబితా పట్టుకుని వలస మొదలవకముందే ఎంఈఓ (మండల విద్యాధికారి) దగ్గరికి వెళ్లండి, మొదలయ్యాక వెళ్తే ఆ ఏటికి ఆలస్యమైపోతుంది. తప్పక వెళ్లేవాళ్లకు బడి ఫోను నంబరు రాసి ఇవ్వండి. పదిహేను రోజులకోసారి టీచరు కాకపోయినా ఒక స్నేహితుడు ఫోను చేసి "ఇక్కడ ఈ పాఠం అయింది, నువ్వెప్పుడొస్తావు?" అని అడిగితే చాలు. తిరిగొచ్చిన రోజు వాణ్ని గేటు దగ్గర పేరు పెట్టి పిలిచేవాళ్లు ఒకరుండాలి. వాడి బెంచీలో వాడి చోటు వాడికే ఉండాలి. నోట్సు ఇచ్చే జత ఒకరు, సందేహం అడగడానికి ఒక టీచరు, మొదటి వారం పరీక్షలేవీ పెట్టకపోవడం. ఇవన్నీ ముందే రాసిపెట్టుకుని, తిరిగొచ్చిన ప్రతి పిల్లకూ చేయాలి. గుర్తుంటే చేద్దామనుకుంటే నెమ్మదిగా ఉండే పిల్లల్ని మరిచిపోతాం.

ఫిర్యాదుల పెట్టె ఇప్పుడే వద్దు. ఇప్పుడున్న వాతావరణంలో పెడితే టీచర్లు అది తమ మీద నిఘా అనుకుంటారు. పిల్లలేమో చేతిరాత గుర్తుపడతారని భయపడతారు. ముందు మనుషుల మీద నమ్మకం రానివ్వండి. అయితే పెట్టె ఉన్నా లేకపోయినా, ఒక పిల్ల ఏదో ఒక రోజు ఒక టీచరు దగ్గరికి వచ్చి తనకు జరిగిన లైంగిక వేధింపు గురించి చెప్పవచ్చు. అప్పుడేం చేయాలో 13 మందికీ ఇప్పుడే తెలిసి ఉండాలి. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకూడదు. గుచ్చి గుచ్చి అడగకూడదు, ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి పంచాయితీ చేయకూడదు. పోక్సో చట్టం 2012లోని 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. బడి పరువు, ఊరి పెద్దలు అన్న ఆలోచన ఆ చోట రానివ్వకండి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు టీచర్లకే కాదు, ప్రతి పిల్లకూ నోటికి రావాలి.

సైకాలజిస్టు ఒక రోజు వచ్చి వెళ్తే నష్టం లేదు, కానీ 340 మందిని ఎండలో కూర్చోబెట్టి మైకులో చెప్పించవద్దు. ఆ గంట టీచర్లతో గడపమని అడగండి. పిల్లవాడు బాధలో ఉన్నట్టు ఎలా గుర్తుపట్టాలి, మొదట ఏం మాట్లాడాలి, ఎప్పుడు డాక్టరు దగ్గరికి పంపాలి, ఇవి చెప్పమనండి. నిజానికి ఒక కౌన్సెలర్ కోసం మీరు రాతపూర్వకంగా అడగవచ్చు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ 2023లో చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో, ఆమె తండ్రి చేసిన పోరాటం మీద 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరుండాలని చెప్పింది. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని కూడా చెప్పింది. మీ బడిలో 340 మంది ఉన్నారు. డీఈఓ (జిల్లా విద్యాధికారి) గారికి ఉత్తరం రాసి, నకలు దగ్గర పెట్టుకోండి. కౌన్సెలర్ వచ్చేలోపు, మానసిక ఇబ్బందుల్లో ఫోనులో సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి కూడా పలుకుతారు. ఆ నంబరు పిల్లల కోసమని గోడ మీద రాయించండి, టీచర్ల కోసమూ అని నోటితో చెప్పండి.

ఇదంతా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి సర్వేలు అక్కర్లేదు. లాంగ్ బెల్ కొట్టాక పిల్లలు పరుగున వెళ్లిపోతున్నారా, కాసేపు ఉండి కబుర్లు చెబుతున్నారా చూడండి. పేపర్లిచ్చే రోజు హాజరు చూడండి. "ఎనిమిది బి నాకు లొంగడం లేదండీ, ఏం చేయమంటారు?" అని ఒక టీచరు మీ ముందు సిగ్గుపడకుండా అనగలిగిన రోజు కోసం చూడండి. అది రావడానికి ఒక ఏడాది పట్టొచ్చు.

చివరిగా ఆ అబ్బాయి. వాడి కోసం ఆగవద్దు, ఈ వారంలోనే వెళ్లండి. మాస్టారితో మీ మాట అయ్యాక, "వాడి ఇంటికి వెళ్తున్నాను, మీరూ వస్తారా?" అని అడగండి. బలవంతపెట్టకండి, కానీ వస్తారనే నా నమ్మకం. నోటి నుంచి జారిన మాట చాలామంది టీచర్లను రాత్రిళ్లు నిద్రపోనివ్వదు, దాన్ని సరిదిద్దుకునే దారి ఎవరూ చూపించరు, అంతే. మీరు చూపించండి. ఆయన రాకపోతే మీరొక్కరే వెళ్లండి. అబ్బాయి అమ్మానాన్నల్ని "బడి మాన్పించారేం?" అని అడగొద్దు. ఆ డబ్బు వాళ్లకు ఎంత అవసరమో ముందు వినండి. పిల్లవాడితో "ఆ రోజు నిన్ను అలా అనడం మా తప్పు. నీ చోటు ఖాళీగానే ఉంది. పోయిన పాఠాలు మేం చెబుతాం" అంటే చాలు. ఆ రోజే జవాబు అడగకండి. రెండోసారి వెళ్లాల్సి వస్తుంది, మూడోసారి కూడా కావచ్చు.

షెడ్డుకు మాత్రం వెళ్లకండి. అక్కడ వాడి ఓనరు, తోటి పనివాళ్లు ఉంటారు. సెలవు రోజు కనుక్కుని, సాయంత్రం పూట ఇంటికే వెళ్లండి.